ఓబన్న కన్ను, కళ్యాణ్ తొట్టి

ఎమ్మిగనూరులో వడ్ల ఓబన్న అంటే ద్వారబంధాల ఓబన్న. కుర్రతనంలో నేతగాళ్ళకు మగ్గాలు చేసేవాడు. మగ్గాలు తగ్గాక తలుపులు, మంచాలు పట్టుకున్నాడు. కొత్తిల్లు ఎవరు కట్టినా వాకిలి నిలబెట్టడానికి అతన్నే పిలిచేవాళ్ళు. చెయ్యి మంచిదని పేరు. అంత పేరున్న మనిషి ఎదురింటి పూలతొట్టిని చూసి కుళ్ళి చావాల్సి వచ్చింది.

ఎదురింటి కళ్యాణ్‌ది సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు. ఉలి ఎటు పట్టుకోవాలో తెలియదు. అలాంటివాడు ఫోన్లో ఏదో వీడియో చూసి, పత్తికొండ టమాటా మార్కెట్లో పారేసిన పెట్టెల చెక్కలు తెచ్చి, మేకులు కొట్టి, నాలుగు మూలలా తాళ్ళు కట్టి ఇంటిముందు రేకుల కింద వేలాడదీశాడు. అందులో గడ్డిగులాబీలు. గాలికి తొట్టి ఊగుతుంటే వచ్చేపోయేవాళ్ళంతా ఆగి చూశారు.

వీధివాళ్ళు మాత్రమే చూసి ఉంటే ఓబన్న ఓర్చుకునేవాడే. హులిగెమ్మ చూసింది. కట్టుకున్న భార్య, అతను చేసిన మంచం మీద నుంచి లేచి, అతను చేసిన తలుపే తీసుకుని బయటికొచ్చి, "సూడప్పా, ఎంత సక్కగా సేసినాడో ఆ పిల్లోడు" అంది. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా.

"నా దేవుని అర సేయనీకి మాత్రం నీకు తీరదు" అని కూడా అంది. దేవుడి పటాలు పెట్టుకునే ఆ అరకోసం ఓ టేకు పలక అటక మీద దాచి చాలాకాలమైంది. అటక ఎక్కించకముందు ఒకసారి ఆమె దానిమీద వేడి సంగటి తప్పేల దించితే గుండ్రంగా నల్లమచ్చ పడి, ఆ మేర చెక్క పగిలింది. అప్పుడు ఇంతెత్తున ఎగిరాడు గానీ, అర మాత్రం చేసివ్వలేదు.

ఆ రోజు నుంచి చిత్రిక పడుతున్నా ఓబన్న చూపు ఎదురింటి మీదే. చెక్కల మధ్య సందులు, వంకర మేకులు. ఇదీ ఒక పనేనా అని కడుపు మండిపోయేది. కొన్నాళ్ళకు మొక్కలు తలలు వేలాడేశాయి. కళ్యాణ్ భార్య సునీతకు కారణం వెతుక్కోనక్కరలేకపోయింది. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందంటూ తొట్టికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. కడుతున్నంతసేపూ ఓబన్న వైపే చూసింది.

ఓబన్న చేతిలోని ఉలి కింద పెట్టేశాడు. అదే వీధిలో శేషన్న కొత్తిల్లు లేస్తోంది, వాకిలికి ముహూర్తం పెట్టుకున్నారు. కన్ను చెడ్డదని పేరొస్తే ఆ వాకిలే కాదు, ఏ వాకిలీ ముట్టనివ్వరు. తొట్టి అడుగున బెజ్జాలు లేవు, నీళ్ళు నిలిచి వేర్లు కుళ్ళుతున్నాయి. ఆ సంగతి కళ్యాణ్‌కు చెప్పి అతని తొట్టి బాగుపడనివ్వడానికి నోరు రాలేదు. చెప్పకుంటే మొక్కల చావు తన కంటికి చుట్టుకుంటుంది. అవి చస్తే బాగుండునని రోజూ కోరుకున్నదీ తనే.

ఓ గురువారం కళ్యాణ్ వాళ్ళు మంత్రాలయం పోయారు. హులిగెమ్మ పత్తి తీయడానికి పోయింది. ఎండకు వీధిలో కుక్క కూడా లేని వేళ ఓబన్న తొట్టి దించాడు. నాలుగు బెజ్జాలు వేసి మళ్ళీ తగిలిద్దామనుకున్నాడు. బరమ ఆనించగానే అడుగు చెక్క నానిన రొట్టెలా విరిగిపోయింది. ఇంట్లో ఉన్న మంచి పలక ఒక్కటే, అటక మీది టేకు. కళ్యాణ్‌ను తిట్టుకుంటూ దాన్ని దించి బెజ్జాలు వేశాడు. చెయ్యి పనిలో పడ్డాక మనసు మాట వినలేదు. వంకర మేకులన్నీ పీకి కర్ర చీలలు బిగించాడు, అంచులు నున్నగా చిత్రిక పట్టాడు, తాళ్ళు సమంగా సరిచేశాడు. మచ్చపడి పగిలిన వైపు తడి తగిలితే నిలవదని దాన్ని కిందికి తిప్పాడు. తొట్టి అడుగు ఎవడు చూస్తాడులే అనుకున్నాడు.

గడ్డిగులాబీలు తేరుకుని విరగబూశాయి. కళ్యాణ్ తొట్టిని తడిమి చూసి, ఓబన్న ఇంటివైపు చూసి, ఏమీ ఎరగనట్టు కొట్టుకు పోయాడు. సునీత మాత్రం "నిమ్మకాయ కట్టినంక కదా తేరుకున్యాది" అని వీధంతా చెప్పింది. కన్ను ఓబన్నదేనని రుజువైపోయింది. పైగా జనం మెచ్చుకునే నునుపు తనది, పేరు వాడిది. ఓబన్నకు తన పనిమీద తనకే కడుపుమంట.

ఒకరోజు శేషన్న వస్తుంటే ఓబన్న తువ్వాలు దులుపుకుని లేచాడు. ఆయన ఎదురింటి దగ్గరే ఆగి, "కళ్యాణూ, మా ఇంటికీ ఇట్లాంటి తొట్టి సేసియ్యప్పా" అన్నాడు. తర్వాత ఓబన్న వైపు తిరిగి నేల చూస్తూ, "వాకిలికి ఆదోని నుంచి మనిషిని పిలిపిస్తాండాం. తప్పనుకోవద్దు ఓబన్నా" అన్నాడు.

"ఆ తొట్టి సేసింది నేనన్నా" అన్నాడు ఓబన్న.

వీధి నవ్వింది. కళ్యాణ్ తాళ్ళు సర్దుతున్నట్టు తొట్టివైపు తిరిగాడు. హులిగెమ్మ సిగ్గుతో చచ్చిపోయి, "ఇంత ఏడుపు పనికిరాదప్పా నీకు" అంటూ తొట్టి కిందికి పోయింది. "పిల్లోడు సేసిన పని సూడు, శేషన్నా, అడుగు కూడా ఎంత..." అని తలెత్తింది. అడుగున కనిపించిన నల్లటి గుండ్రాన్ని వేలితో తడిమింది.

"ఇది నా సంగటి తప్పేల మచ్చ" అంది మెల్లగా. తర్వాత గొంతు లేచింది. "నా దేవుని అర పలక. నాకు సేయనీకి తీరని మనిషికి, ఈ యమ్మ పూలకు తీరిందా?"

కళ్యాణ్ తల దించుకుని, "నేను కొట్టినవి మేకులు. ఈ సీలలు ఓబన్న మామవే" అన్నాడు.

మరునాడు శేషన్న ఆకూవక్క తెచ్చి వాకిలి పని ఓబన్నకే ఒప్పజెప్పాడు. సునీత ముఖం చాటుచేసుకుంటూ నిమ్మకాయ, మిరపకాయలు విప్పేసింది. హులిగెమ్మ మొగుడితో మాట్లాడటం మానేసి, వాకిట్లో కూర్చుని రెప్ప వేయకుండా ఆ తొట్టినే చూడసాగింది.

రెండు రోజులు ఓర్చుకుని సునీత కొత్త నిమ్మకాయ కట్టింది. ఈసారి హులిగెమ్మ వైపు చూస్తూ కట్టింది. అది చూసిన ఓబన్న శేషన్న వాకిలి పని పక్కన పెట్టి, దేవుడి అరకు పలకలు కోయడం మొదలుపెట్టాడు.