జీడితొక్కు పొగలో మా దమయంతప్ప

దమయంతప్ప ఇక లేదు. పలాస బజార్లో పొద్దున్నే టీ తాగుతుండగా ఆమె కొడుకు గోపి ఫోన్ చేసి, "మావా, అమ్మ ఎలిపోయింది" అని భోరుమన్నాడు. మొన్నటికి మొన్న ఆసుపత్రి మంచం మీద ఆక్సిజన్ గొట్టం పక్కకు లాగి మరీ నన్ను తిట్టిన మనిషి! ఆమె నిర్యాణవార్త రాయవలసిన వాణ్ణి నేనవుతానని కలలో కూడా అనుకోలేదు.

ఆమె మా పెదనాన్న కూతురు. అక్కను మావైపు అప్ప అంటాం. మా ఇద్దరివీ పక్కపక్కనే చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీలు. బావ హఠాత్తుగా కాలం చేసేనాటికి వాళ్లది మూతపడే దశలో ఉంది. పచ్చి జీడిపిక్కల ధర మండిపోతోంది, బాయిలర్‌కు కట్టెలు కొనడానికే వచ్చిందంతా పోతోంది. అమ్మేసి సుఖంగా ఉండమని బంధుజనమంతా హితబోధ చేశారు. "నాను అమ్ముకుంటే నాకు డబ్బులొస్తాయి. పప్పు ఒలిసే ఆడోళ్లకి ఏటొస్తాది?" అని ఒక్క మాటతో అందరి నోళ్లూ మూయించింది.

మర్నాడు వెళ్లి చూద్దును కదా, ఆఫీసు గదిలో లేదు. ఫ్యాక్టరీ వెనక చెత్తకుప్ప ముందు పీట వేసుకుని కూర్చుని ఉంది. పిక్కలు కోశాక మిగిలే తొక్కు, పప్పు మీది పొట్టు, చిరిగిన గోనెసంచులు, అన్నీ ముందేసుకుని కెలుకుతోంది. "ఏటప్పా, ఏటైనా పారేసుకున్నావా?" అన్నాను. "పారేసుకున్నాం కాదేటి, ఇన్నాళ్లూ! పారేసేముందు ఒకపాలి వాసన సూడరా. డబ్బు వాసనొస్తాది" అంది. నాకు నవ్వొచ్చింది.

ఆ నవ్వు ఎంతోకాలం నిలవలేదు. పొట్టును తోళ్లు పదునుచేసే వ్యాపారులకు అమ్మింది. విరిగిన పప్పు మిఠాయి దుకాణాలకు పంపింది. కాలవలో కలిసే వేడినీటిని తిరిగి బాయిలర్‌లోకి మళ్లించింది. ఉడికిన పిక్కను వేడి మీద కోస్తే పప్పు ముక్కలవుతుందని, చల్లారేదాకా ఎవరినీ కోత మిషను ముట్టనిచ్చేది కాదు. నాకేమో తొందరెక్కువ. "ఆర్డరు పోతాది అప్పా" అంటే, "పప్పు ఇరిగితే ఆర్డరేటి, పరువే పోతాది. నోరు మూసుకుని కూకో" అని గదిమేది. అటువంటి కార్యదక్షత ఎంత చదివితే వస్తుంది చెప్పండి!

చివరికి మిగిలింది తొక్కు. కొండలా పేరుకుపోయిన ఆ తొక్కును కట్టెలకు బదులు బాయిలర్ పొయ్యిలో వేయించింది. భగ్గున మండింది. కట్టెల ఖర్చు పోయింది, ఫ్యాక్టరీ నిలబడింది, ఒక్క ఆడమనిషి పనీ పోలేదు. మేమందరం ఆమెను చూసి అదే పని చేశాం. పచ్చి తొక్కులోని జీడినూనె మండితే ఎటువంటి నల్లటి పొగ వస్తుందో, అది గొంతును ఎలా కోస్తుందో మాకందరికీ తెలుసు. తెలిసీ ముక్కుకు గుడ్డ కట్టుకున్నాం. ఆమె అదీ కట్టుకునేది కాదు. మంట ఎక్కువ తక్కువలు ఇంకొకరికి వదలక, ఏళ్ల తరబడి ఆ పొయ్యి దగ్గరే నిలబడింది.

బాయిలర్‌కు దగ్గరగా కూర్చుని పిక్కలు కోసే నీలమ్మ ఒకరోజు దగ్గి దగ్గి మిషను మీదే కూలబడిపోయింది. ఆ పూటే అప్ప పొయ్యి ఆర్పించింది. తొక్కంతా నూనె మిల్లుకు పంపడం మొదలుపెట్టింది. నూనెకు ధర పలికింది, నూనె తీసిన తొక్కు వెనక్కి తెచ్చి కాలిస్తే పొగా తగ్గింది. లాభం చూసి నేను సంబరపడుతుంటే ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. "తొక్కులో నూనుందని తెలిసీ, దాన్ని పొగ సేసి మనోళ్ల గుండెల్లోకి తోసీసేనురా. ఇంతకన్నా దుబారా ఏటుంటాది?" అంది. ఆమె ఏడవగా చూడటం నాకదే మొదలు.

అప్పటికే ఆలస్యమైపోయింది. ఊపిరితిత్తులు పొగకు బిగుసుకుపోయాయన్నారు డాక్టర్లు. కడసారి వెళ్లినప్పుడు, ఎలా ఉన్నావని అడిగినందుకే తిట్టింది. "నా సంగతి ఒగ్గీరా. గోపిగాడు తొందర మనిషి. పొయ్యిలో పచ్చి తొక్కు ఎయ్యనియ్యకు" అంటూ నా చెయ్యి పట్టుకుంది. సరేనన్నాను.

పెద్దకార్యం దాకా బాయిలర్ చల్లగానే ఉంచారు. ఆ మర్నాడు ఉదయం మా ఫ్యాక్టరీ గేటు తీస్తూ తలెత్తితే, అప్ప పొగగొట్టం నుంచి నల్లటి పొగ. పరుగున వెళ్లాను. "నూనె మిల్లు లారీ రానేదు మావా, ఆర్డరు ఆగిపోనాది. ఇయ్యాల ఒక్కరోజే" అన్నాడు గోపి, నా మొహంలోకి చూడకుండా. వాడి వెనక గోడకు అప్ప ఫొటో, దానికి వాడని దండ. నేను నోరు తెరిచేలోపే, లోపలినుంచి నీలమ్మ నీళ్ల బిందె ఎత్తుకుని దగ్గుకుంటూ వచ్చింది. పొయ్యి తలుపు తెరిచి బిందెడు నీళ్లూ కుమ్మరించింది.

"అమ్మ సచ్చిపోనాది సాల్దేటి బాబూ?" అంది.

గోపి అక్కడే చతికిలపడి ఏడ్చాడు. ఆడవాళ్లంతా మిషన్లు వదిలి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

అప్పా, నీ స్థానం భర్తీ చేయగలవారు మాలో లేరు. నీకు దండ వేసి దణ్ణం పెట్టి ఊరుకుంటే నువ్వు ఒప్పుకునే మనిషివి కావు. అందుకే రోజూ పొద్దున్నే నా పని మానుకుని ముందు నీ పొగగొట్టం వైపు చూస్తున్నాను. లారీ వచ్చింది, తొక్కు వెళ్లింది, ఇవాళ్టికి నల్లపొగ లేదు. రేపటి సంగతి నాకు భయంగానే ఉంది. నీలమ్మ మాత్రం ఆ పొయ్యి పక్కన నిండు బిందె పెట్టుకునే పనికి కూర్చుంటోంది.