వైరస్‌లకి మచ్చు తీసిన మాస్టారు

మొన్న బుధవారం మధ్యాహ్నం మంగళగిరిలో మా ఆఫీసు క్యాంటీన్లో ఉండగా మాస్టారి భార్య ఫోన్ చేశారు. మాస్టారు పొద్దున పోయారని, నాకు ముందుగా చెప్పమని ఆయన ఎప్పుడో చెప్పి పెట్టారని అన్నారు. ప్లేటు వదిలేసి బయటికొచ్చి ఏడ్చాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ కాసేపటికి నవ్వు కూడా వచ్చింది. ఆయన్ని తలుచుకుంటే హుషారు రాకుండా ఉండదు మరి.

కంప్యూటర్ వైరస్‌లని పట్టుకోవడం నా ఉద్యోగం. ఇప్పుడు మెషీన్లే వాటిని ఏరి, విడదీసి మా ముందు పెడుతున్నాయి. నేను ఈ పని నేర్చుకున్నది తొంభైల చివర్లో, గుంటూరు బ్రాడీపేటలో మాస్టారు నడిపిన కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ వెనకగదిలో. ఆ గదిలో వేరే కంప్యూటర్లకి ఏ వైరుతోనూ కలపని ఒక పాత కంప్యూటర్, ఎర్ర సిరాతో ఇంటూ మార్కులు పెట్టిన ఫ్లాపీలు, వాటిని పెట్టి తాళం వేసే ఒక రేకు పెట్టె ఉండేవి. పెట్టె నిండా వైరస్‌లే.

కంప్యూటర్లలోకి రాకముందు మాస్టారు మిర్చి యార్డులో సరుకు చూసే పని చేశారు. టిక్కీని, అంటే మిర్చి బస్తాని, పక్కన చీల్చి, అడుగుదాకా చెయ్యి పోనిచ్చి గుప్పెడు కాయ తీయడం, అదే మచ్చు. వైరస్‌లనీ ఆయన అలాగే చూశారు. "పైకాయ అందరూ బాగానే పెడతారమ్మాయ్, అడుక్కి పో" అనేవారు. యార్డు మిర్చి ఘాటులో అన్నేళ్లు పనిచేసిన మనిషికి ఇన్‌స్టిట్యూట్ బల్ల మీద దుమ్ము తుడిస్తే తుమ్ములు వచ్చేవి, అదే మాకు పెద్ద వినోదం.

ఎంత తెలిసినవాళ్లు అడిగినా మాస్టారు ఆ పెట్టెలోంచి ఒక్క ఫ్లాపీ ఇచ్చేవారు కాదు. విదేశాల్లో వైరస్‌ల మీద పనిచేసేవాళ్లు ఈమెయిళ్లలో ఒకరికొకరు మచ్చులు పంపుకునేవారు, అదీ నమ్మకం కుదిరినవాళ్లకే. మాస్టారు రెండేళ్లు వాళ్లకి ఉత్తరాలు రాశారు. రెండేళ్లూ వాళ్లు మర్యాదగా కుదరదన్నారు. ఆయనకి కోపం రాకపోగా ముచ్చటేసింది, వాళ్ల స్థానంలో ఉంటే తానూ ఇవ్వనని మాకు క్లాసులో చెప్పారు. మూడో ఏడు వాళ్లు సరేనన్నారు. ఆ రోజు మా అందరికీ పునుగులు తెప్పించారు.

ఆ తర్వాత కొన్నాళ్లకే ప్రత్తిపాడు టైపింగ్ సెంటర్ నుంచి వచ్చిన ఫ్లాపీలో మాకొక వైరస్ దొరికింది. మా దగ్గరున్న ఏ జాబితాలోనూ అది లేదు. దాని కోడు మొత్తం డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మీద తీసి, ఆ పొడుగాటి కాగితం వరండాలో పరిచి, ఆయన ఆ చివర నేను ఈ చివర మోకాళ్ల మీద పాక్కుంటూ చదివాం. మూడో రోజు పొద్దున తేదీ చూసుకునే భాగం నాకు కనిపించింది. నెలాఖరు రోజున డిస్కు మొత్తం చెరిపేస్తుంది. నేను వేసిన కేకకి పక్కింటివాళ్లు గోడ మీదుగా తొంగిచూశారు. జీవితంలో అంత సంతోషం నాకు మళ్లీ ఎన్నిసార్లు దొరికిందో వేళ్ల మీద చెప్పగలను.

మాస్టారు విరుగుడు ప్రోగ్రామ్ రాసి ఫ్లాపీలో పెట్టారు. ఫ్లాపీ మూలన చిన్న జారుడు తలుపు ఉంటుంది, అది మూస్తేనే ఫ్లాపీలోకి ఏదైనా ఎక్కుతుంది. విరుగుడు ఫ్లాపీలకి ఆయన ఆ తలుపుని గోళ్లకత్తెరతో పీకిపారేసేవారు. తెరిచిన కన్నం తెరిచే ఉంటుంది, వైరస్ దూరలేదు. నాకేమో ప్రోగ్రామ్ మొదలవగానే తెర మీద నా పేరు కనపడాలని కోరిక. నా బొట్టుబిళ్లలు రెండు తీసి కన్నానికి చెరోవైపు అంటించాను. పేరు చక్కగా ఎక్కింది. బిళ్లలు తీయడం మర్చిపోయాను.

మాస్టారికి క్లాసులుండి నన్నొక్కదాన్నే పంపారు. ముందు ప్రత్తిపాడులో ఉన్న ఒక్క కంప్యూటరు బాగుచేశాను, మర్నాడు అద్దంకి కంప్యూటర్ సెంటర్‌కి వెళ్లాను. అద్దంకి సెంటర్లో పదకొండు కంప్యూటర్లకీ ఏ జబ్బూ లేదు, ముందుజాగ్రత్తగా చూడమన్నారంతే. అన్నిట్లో ఫ్లాపీ పెట్టి, పదకొండుసార్లు నా పేరు చూసుకుని తిరిగొచ్చాను.

బయట తిరిగొచ్చిన ఏ ఫ్లాపీనైనా మాస్టారు ఒకసారి పరీక్షించి గానీ లోపల పెట్టరు. దీన్నీ పరీక్షించారు. బొట్టుబిళ్లలు చూశారు. వాటిని గోటితో ఒక్కొక్కటే ఊడదీశారు.

"ప్రత్తిపాడులో దీనికి అంటుకుంది. తర్వాత ఎక్కడ పెట్టావు?"

"అద్దంకిలో మాస్టారూ. పదకొండింటికీ."

ఆ మర్నాడే నెలాఖరు. అక్కడి డిగ్రీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులన్నీ ఆ కంప్యూటర్లలోనే ఉన్నాయి. మాస్టారు వెంటనే అద్దంకికి ఫోన్ చేసి, మేమొచ్చేదాకా ఏదీ ఆన్ చేయొద్దన్నారు. తెల్లారి మొదటి బస్సుకి ఇద్దరం వెళ్లాం. ఆయనే మాట్లాడతారని ధైర్యంగా ఉన్నాను. గుమ్మం దగ్గర ఆగిపోయారు.

"మన చేత్తో అంటించాం. మన నోటితోనే చెప్పాలి. పో" అని మెట్టు మీద కూర్చున్నారు.

చెప్పాను. బొట్టుబిళ్లల సంగతీ దాచలేదు. సెంటర్ ఓనరు అంతా విని, మళ్లీ నమ్మడం ఎలాగమ్మా అని అడిగారు. కొత్త ఫ్లాపీ చేతికిచ్చి, తలుపు పీకేసిన కన్నం చూపించాను. ఆయన దాన్ని వెలుతురుకి ఎత్తి కన్నంలోంచి చూసి, కుర్చీ నావైపు జరిపారు. వైరస్ లేవకుండా ఒక్కో కంప్యూటర్నీ ఆ ఫ్లాపీతోనే ఆన్ చేశాను. మధ్యాహ్నానికి పదకొండూ శుభ్రపడ్డాయి. ఒక్క ఫైలూ పోలేదు.

సాయంత్రం ఇన్‌స్టిట్యూట్‌కి రాగానే మాస్టారు ఒంటివేలితో విదేశాలవాళ్లకి ఉత్తరం కొట్టడం మొదలెట్టారు. వెనక నిలబడి చదివాను. కొత్త వైరస్ దొరికిందని, కనిపెట్టింది తన విద్యార్థిని అని నా పేరు రాశారు. దాని కింద, మా అజాగ్రత్త వల్ల పదకొండు కంప్యూటర్లకి పాకిందని, బాధ్యత తనదని రాసి తన పేరు పెట్టారు.

"అది నేను చేసింది కదా మాస్టారూ. ఇది చదివితే మళ్లీ మనకి మచ్చులు పంపరేమో."

"మానేస్తే మానేశారు. నువ్వు అద్దంకిలో చెప్పేశావు. ఇది నా ఇన్‌స్టిట్యూట్, నేను చెప్పాలి."

మీట నొక్కారు. మోడెమ్ కీచుమని, గరగరలాడి, లైన్ దొరకబుచ్చుకుంది. ఉత్తరం వెళ్లిపోయేదాకా ఆ ఎర్ర దీపాల వైపే చూస్తూ కూర్చున్నారు, పెదాల మీద చిన్న నవ్వుతో.