కమాన్ అంటె ఏ కమాను?

జెర దగ్గెరికి జరిగి కూసోండ్రి. గంత దూరం కూసుంటె సగం మాట ఫ్యాన్ గాలికే కొట్టుకపోతది. కాళ్ళు చాపుకున్నా ఏమనుకోను. మా అల్లుడు నాకు పట్నం చూపెట్టిన ముచ్చట చెప్త, ఇనుండ్రి.

పటాన్‌చెరుల ఉండేదానివి, నువ్వు చూడని పట్నమేంది అంటరు. నిజమే, లెక్కలేనన్ని సార్లు పోయిన. కాని పోయినప్పుడల్ల పని మీదనే పోయిన. దవాఖానకు, పెండ్లి బట్టలకు, ఎవలన్న పోతె చూసొచ్చేటందుకు. చార్మినార్ కాడ గాజులు కొన్న. కాని చార్మినార్‌ను చూసినవా అని అడిగితె ఏం చెప్పాలె? గాజు నా చేతికి పడుతదా లేదా అని చూసుకుంట నిలవడ్డ. నెత్తి మీద అంత పెద్ద కట్టడం ఉన్నదన్న సోయి ఎక్కడిది.

ఇగ మా అల్లుని సంగతి. మందుల ఫ్యాక్టరీల కాంట్రాక్టు మీద పని చేసేటోడు. కాంట్రాక్టు అయిపోయింది, మళ్ళ పిలువలేదు. ఇంట్ల కూసున్నడు. కూసున్నోడు ఊకె కూసోక బండి కడుగుడు షురూ చేసిండు. పొద్దుగాల ఒకసారి, మాపటికి ఒకసారి. నా బిడ్డ ఫోన్ చేసి, "అమ్మా, ఈయనకు జల్దీ ఏదన్న నౌకరి దొరకాలె, లేకుంటె ఈ బండి సబ్బు బిళ్ళ లెక్క అరిగిపోతది" అన్నది. నవ్వుకుంటనే అన్నది. కాని బిడ్డ గొంతు తల్లికి తెల్వదా? ఫోన్ పెట్టేసినంక నాకు బువ్వ సయించలే.

గంతల్నె మా దిక్కు ఒకాయన కొత్తగ టూర్ల ఆఫీసు పెట్టిండు. పొద్దుగాల బస్సెక్కిచ్చుకోని, పట్నం అంత తిప్పి, కతలు చెప్పి, పొద్దూకె వరకు దించిపోవుడు. కతలు చెప్పేటోన్ని గైడ్ అంటరట. మా అల్లుడు పోయి అడిగితె ఆ సేటు ఏమన్నడంటె, "ఒక్క ట్రిప్పు చేసి చూపెట్టు. జనాన్ని నువ్వే తెచ్చుకో. ఎనుక సీట్ల మా మేనేజర్ కూసుంటడు. ఆయన సరే అంటె నౌకరి. వద్దంటె లేదు."

జనాన్ని తెమ్మంటె ఎక్కడికెల్లి తెస్తడు? మేమే జనం. నేను, రుద్రారం నుంచి మా వియ్యపురాలు, బజార్ల కిరాణం దుకాణం నడిపే సేటమ్మ, ఆదివారం డ్యూటీ లేని మా గల్లీ ఆడోళ్ళు. నా బిడ్డ మాత్రం రాలే. "నేనుంటె ఆయన నన్ను చూసి తడబడుతడు" అన్నది.

ఇక్కడ ఒక్క సంగతి చెప్పాలె. మా ఇండ్లల్ల అత్త అల్లునితోని మొఖం మీద మాట్లాడది. ఆయనొస్తె కొంగు నెత్తి మీదికి గుంజుకోని పక్కకు జరుగుత. ఏదన్న చెప్పాల్నంటె గోడకు చెప్త. "గోడా, బువ్వ చల్లారుతుంది" అంటె ఆయన లేచొచ్చి తింటడు. ఆయనకేమన్న కావాల్నన్నా గోడకే చెప్తడు. ఇన్నేండ్లల్ల మా ఇద్దరి మధ్య ఒక్క లొల్లి కాలే. గోడ మంచిది.

ఇగ బస్సు కదిలింది. అల్లుడు తెల్లంగి వేసుకోని, చేతిల చిన్న ఎర్రజెండ పట్టుకోని, మైకు ముంగట నిలవడ్డడు. పదిహేను దినాల నుంచి యూట్యూబుల చూసి ఇంగ్లీషు బట్టీ పట్టిండు. గొంతు సవరిచ్చుకోని, "హలో ఎవ్రీబడీ, గుడ్ మార్నింగ్! కమాన్, కమాన్, కమాన్!" అన్నడు.

ముగ్గురు ఆడోళ్ళు సంచులు పట్టుకోని లేచిండ్రు.

లేవరా మరి? మా దిక్కు ఏ ఊరికి పోయినా రోడ్డు మీద పెద్ద కమాను కట్టి ఉంటది. బస్సుల కండక్టర్ "కమాన్, కమాన్" అన్నడంటె ఊరొచ్చింది, దిగాల్నని అర్థం. సేటమ్మయితె డోరు దాక పోయి డ్రైవర్‌ను తిట్టుడు వెట్టింది.

"ఆపవేందయ్యా, కమాన్ అంటుండు గదా."

"ఏ కమానమ్మా? ఇంక లింగంపల్లి గూడ రాలే" అన్నడు డ్రైవర్.

అల్లుడు మైకుల, "కూసోండ్రి సేటమ్మా, గది ఇంగ్లీషు కమాన్" అన్నడు. ఇంగ్లీషోళ్ళకు గూడ కమాన్లుంటయి కావచ్చని సేటమ్మ వచ్చి కూసున్నది. ఎనుక సీట్ల మేనేజర్ కండ్లద్దాలు పైకి జరుపుకోని ఫోన్ల ఏందో టిక్కుమని కొట్టిండు. మార్కులు తగ్గిచ్చిండనుకున్న.

మొదలు నవాబుల మ్యూజియంకు తీస్కపోయిండు. ఎంత పెద్దదంటె, లోపల తిరిగి తిరిగి నా చెప్పు బొటనేలి అంగూటం తెగింది. పిన్నీసు పెట్టుకోని నడిచిన. ఒక అర్రల పాలరాయితోని చేసిన ఆడమనిషి బొమ్మ ఉన్నది. మొఖం మీద ముసుగు. ముసుగు గూడ రాయే. కాని ముసుగు ఎనుక ముక్కు కనవడుతది, పెదవులు కనవడుతయి. పల్చటి వాయిలు చీర కొంగు లెక్క ఉన్నది. నాకు నోట మాట రాలే. ఎట్ల చెక్కిండో మహానుభావుడు.

మా వియ్యపురాలికి మాత్రం మాటొచ్చింది. "సూడొదినా, అచ్చం నీ లెక్కనే ఉన్నది. ఈమె అల్లుడు గూడ వచ్చినట్టున్నడు."

ఆడోళ్ళందరు నవ్వుడే నవ్వుడు. ఆడ కాపలా ఉన్నాయన గూడ మొఖం పక్కకు తిప్పుకోని నవ్విండు.

సేటమ్మ నవ్వలే. బొమ్మ సుట్టు ఒక తాపు తిరిగొచ్చి మా అల్లున్ని అడిగింది, "బాబూ, ఇది ఎన్ని కిలోలుంటది?"

ఆయన బట్టీ పట్టినదాంట్ల కిలోల సంగతి లేదు. చెమట తుడుచుకోని, "వెరీ వెయిట్ సేటమ్మా, వెరీ వెరీ వెయిట్" అన్నడు.

వెయిట్ అంటె ఆగుమని మాకు తెలుసు, దవాఖానల రోజు వింటం. చాన చాన ఆగుమంటుండని అందరం ఆడనే చతికిలబడ్డం. ఒకామె సంచిలకెల్లి పల్లీలు తీసింది. కాపలాయన ఉరికొచ్చి, "అమ్మా, ఇక్కడ కూసోవద్దు, తినొద్దు" అని లేపుతుంటె, మా వియ్యపురాలు, "మమ్ముల వెయిట్ అన్నరయ్యా" అని ఆయనతోనే పంచాయితీ పెట్టుకున్నది. టిక్కు.

నేను తక్కిన ఆడోళ్ళ లెక్క కాదు, అడగాల్సింది అడుగుత. అయితె అడిగేది అల్లున్ని గదా. ఆడ గోడకు పెయింటింగులున్నయి, గోడకు చెప్పుడు బాగుండదని పక్కన రాతి స్తంభం కాడికి పోయిన. "స్తంభమా, ఈ బొమ్మలన్ని నవాబు ఒక్కడే కొన్నడా, ఇంట్లోళ్ళు ఏమనలేదా?" అని అడిగిన. అల్లుడు గూడ స్తంభం దిక్కే చూసి, "ఇంట్లోళ్ళేమన్నరో తెల్వదు గాని, దేశదేశాలకెల్లి తెప్పిచ్చి సొంతంగ జమ చేసిండ్రు" అని మంచిగనే చెప్పిండు. ఆడోళ్ళు తలలూపిండ్రు. మేనేజర్ మాత్రం నన్ను చూసిండు, స్తంభాన్ని చూసిండు, మళ్ళ నన్ను చూసిండు. ఆయన మొఖంల భయం కనవడ్డది.

పగటి బువ్వలైనంక చార్మినార్ దిక్కు పోయినం. బస్సు లోపలికి రాదని దూరం ఆపి నడిపిచ్చిండు. చార్మినార్ కంటె ముందు ఒక నీళ్ళ హౌజ్ ఉంటది, నడుమ ఫౌంటెను. అల్లుడు ఆ హౌజ్ కాడ మమ్ముల నిలవెట్టి, "ఇప్పుడు ఫ్రీ టైమ్. గాజులు కొనుక్కోండ్రి, ఫోటోలు దిగుండ్రి. అరగంటయినంక కమాన్ అంట. అందరు వచ్చెయ్యాలె" అన్నడు.

మాకేమర్థమైంది? అరగంటయినంక కమాన్ కాడికి రావాలె. మంచిది. అందరం సరే అన్నం.

ఇప్పుడు మీరు ఆడికి పోయి చూడుండ్రి. ఆ హౌజ్‌కు నాలుగు దిక్కుల నాలుగు కమాన్లుంటయి. చార్ కమాన్ అనే పేరే. రాజుల కాలం నుంచున్నయి. ఒకదాని పేరు మచ్లీ కమాను, ఒకటి కాలీ కమాను, ఇంక రెండు. నాలుగూ ఏనుగు పట్టేంత ఎత్తున్నయి.

నేను గాజుల బేరం చేసి చేసి, టైమయితుందని వచ్చి ఒక కమాను కింద నిలవడ్డ. మా గల్లీ ఆడోళ్ళు ఒక్కరు గూడ లేరు. నా ఫోన్ బస్సుల సంచిలనే ఉండిపోయింది. ఎదురుంగ హౌజ్ కాడ మా అల్లుడు జెండ పట్టుకోని నిలవడ్డడు. పక్కన మేనేజర్. జనం మాత్రం సున్న.

మా అల్లుడు ఫోన్ల మీద ఫోన్లు కొడుతుండు. మొదలు వాళ్ళమ్మకు, అంటె మా వియ్యపురాలికి చేసిండు. బజారు లొల్లికి ఆమెకు ఇనవడక అరుస్తుండు, నాకు ఇనవడుతనే ఉన్నది.

"అమ్మా, ఏడున్నవే?"

ఆమె ఏమన్నదో నాకు తర్వాత ఆమెనే చెప్పింది. "కమాన్ కాడనే ఉన్న బిడ్డా."

"ఏ కమాన్?"

"నువ్వు చెప్పిన కమానే."

"నేను ఏ కమాన్ చెప్పిన?"

"గది నాకేమెరుక? నువ్వే చెప్పినవు గదా."

సేటమ్మకు చేస్తె ఆమె ఉల్టా గరమైంది. "ఎప్పటి నుంచి నిలవడ్డ కమాన్ కింద. గైడన్నోడు టైముకు రావద్దా?"

మేనేజర్ టిక్కు గూడ బందు చేసిండు. ఫోన్ జేబుల వెట్టుకోని, చేతులు ఎనుకకు కట్టుకోని, ఆకాశం దిక్కు చూస్తుండు. ఇగ అయిపోయిందని నాకు సమజైంది. మా అల్లుడు నాలుగు దిక్కులు తిరుగుతుండు, చేతిల జెండ వాలిపోయింది. ఆ మొఖం చూస్తె బిడ్డ ఫోన్ల అన్న మాట యాదికొచ్చింది.

పిలుద్దమంటె ఎట్ల పిలవాలె? పేరు పెట్టి పిలువరాదు. అల్లుడా అని బజార్ల ఒర్లుడా? సుట్టు చూసిన. గోడ ఉన్నది గాని, గోడకు చెప్తె అంత దూరం ఆయనకు ఇనవడది. పక్కన అత్తరమ్మే సాయిబు ఉన్నడు. ఆయనకు చెప్దామంటె ఆయన బేరంల ఉన్నడు. అప్పుడు నాకొక ఆలోచనొచ్చింది. అల్లున్ని పిలువద్దు గాని, గైడును పిలువద్దని ఎవలన్న చెప్పిండ్రా? కొంగు నోటికి అడ్డం పెట్టుకోని ఉన్న బలమంత పెట్టి పిలిచిన.

"ఓ గైడ్ సారూ!"

ఇద్దరు వేరే గైడ్లు తిరిగి చూసిండ్రు. ఒకాయన "జీ అమ్మా" అని నా దిక్కు రానే వచ్చిండు. "నువ్వు కాదయ్యా, మా గైడు" అన్న. అప్పుడు మావోడు చూసిండు, ఉరికొచ్చిండు.

"గైడ్ సారూ," మొదటిసారి ఆయన మొఖం దిక్కు చూసి అన్న, "మీరు కమాన్ అన్నరు. కమాన్ ఇదే గదా?" అని చెయ్యి పైకి చూపెట్టిన.

ఆయన తల పైకెత్తిండు. కమాను చూసిండు. ఎదురుంగ కమాను చూసిండు. కుడికి చూసిండు, ఎడమకు చూసిండు. "అయ్యో" అని నెత్తి మీద చెయ్యి వెట్టుకున్నడు. నాకొక ఏనుగు బరువు దిగినట్టయింది. అర్థమైంది మనిషికి.

మళ్ళ ఫోన్ తియ్యలే. హౌజ్ పక్కన ఎత్తు మీదికి ఎక్కిండు. వెనుకట పెండ్లి కానప్పుడు ఆయన కొన్ని దినాలు ఆటో నడిపిండు, మా చౌరస్తాల జనాన్ని పిలిచి ఎక్కిచ్చుకునేటోడు. ఆ గొంతు తీసిండు.

"పటాన్‌చెరు, పటాన్‌చెరు, పటాన్‌చెరు! రాండ్రి రాండ్రి, బస్సు పోతుంది, పటాన్‌చెరు!"

ఇంటి పేరు వింటె ఆడోళ్ళు ఆగుతరా? మచ్లీ కమాను కెల్లి మా వియ్యపురాలు సంచి నెత్తిన పెట్టుకోని ఉరికొస్తుంది. కాలీ కమాను కెల్లి సేటమ్మ, నడుమల బేరం ఇడిచిపెట్టి వస్తుంది, ఎనుక దుకాణం పిలగాడు "అమ్మా, పోనీ మీ రేటుకే తీస్కోండి" అనుకుంట ఆమె ఎంట పడి వస్తుండు. ఇంకో కమాను కెల్లి మా గల్లీ ఆడోళ్ళు. వాళ్ళే గాదు. ఇస్నాపూర్ దిక్కు ఫ్యాక్టరీలల్ల పని చేసే ఒడిషా పిలగాండ్లు, "భయ్యా, కిత్నా లేతే?" అని కిరాయి అడుగుకుంట లైన్ల నిలవడ్డరు. సంగారెడ్డి పోయే ముసలాయన ఒకడు, "కోర్టు కాడ దింపుతవా" అని అడిగిండు. ఇంకెవలో ఆడమనిషి బిడ్డను ఎత్తుకోని, ఏ బస్సో అడగకనే మా లైన్ల కలిసింది. మేం వచ్చిందాని కంటె ఎక్కువ జనం జమైండ్రు.

మేనేజర్ ఆ జనాన్ని చూసిండు. చేతులు ముంగటికి తెచ్చిండు. ఎనుక సీట్లు ఖాళీగున్నయని ఒడిషా పిలగాండ్లను, ముసలాయనను, పిల్లతల్లిని గూడ ఎక్కిచ్చిండు. ఒడిషా పిలగాండ్లకైతె వచ్చే ఆదివారం ట్రిప్పు సంగతి ఎక్కినప్పటి నుంచి దిగేదాక చెప్పిండు. వాళ్ళు కిరాయి బస్సనుకోని ఎక్కిండ్రు, టూర్‌కు పేర్లు రాయిచ్చుకోని దిగిండ్రు.

లింగంపల్లి దాటినంక మేనేజర్ ముంగటికొచ్చి మా అల్లుని పక్కన నిలవడ్డడు. నేను కిటికీ దిక్కు మొఖం తిప్పుకోని చెవులు మాత్రం అక్కడ పెట్టిన.

"ఇంగ్లీషు ఏడ నేర్చుకున్నవు?"

"యూట్యూబుల సార్."

"మర్చిపో."

"సరే సార్."

"గొంతు మాత్రం బాగున్నది. సోమవారం నుంచి రా. పొద్దుగాల చౌరస్తాల నిలవడి బస్సు నింపు. నింపినంక ఎక్కి చూపెట్టు. మనోళ్ళకు మన మాటలనే చెప్పు." జెర వంగి, మెల్లగ అడిగిండు, "ఆ స్తంభంతోని మాట్లాడిన పెద్దమ్మ ఎవరు? పానం మంచిగనే ఉంటదా?"

మా అల్లుడు తడుముకోలే. "మా అత్తమ్మ సార్. చాన మంచిగుంటది."

ఇంటికొచ్చినంక నా బిడ్డ ఇద్దరి మొఖాలు చూసింది. నౌకరి దొరికిందని ఆయన చెప్పబోతె గొంతు లేవలే, అరిచి అరిచి పోయింది. చేతులతోని ఏందో చూపెట్టిండు. ఆమెకు సమజ్ గాక నా దిక్కు చూసింది. నేను చెప్పిన. ఆమె లోపలికి పోయి ఉప్పు నీళ్ళు కాగపెట్టి తెచ్చిచ్చింది. ఆయన పుక్కిలించుకుంట ఒక్కటే నవ్వుడు.

ఇగ లేవుండ్రి, పొద్దుపోయింది. మీ ఇంట్ల సంపాదించేటోళ్ళకు పని కరువు కావద్దు, మీ బిడ్డలు ఫోన్ చేసినప్పుడు గొంతుల నిజమైన నవ్వు ఉండాలె, మీ ఇంటిల్లిపాది ఏ దిక్కు పోయినా మాపటికి ఒక్క కాడ కూసోని బువ్వ తినాలె. సల్లగుండండ్రి.