వెనక కూర్చునే మనిషికి తగిన పైపు

మెకానిక్ పోయాడన్న కబురు అందేసరికి నేను నందికొట్కూరు దాటి రోడ్డు పక్కన వంగి నిలబడి ఉన్నాను. మోటారు సైకిలు మీద వెనక కూర్చునేవాళ్ళు పాదం పెట్టుకునే కడ్డీకి అతికించిన కొవ్వొత్తి ముక్క కరిగిందా లేదా అని చూస్తున్నాను. మధ్యాహ్నం రెండూ పది. కరగలేదు. ఆ మాట ఆయనకు ఫోను చేసి చెప్పమందామని తల ఎత్తేసరికి నా మనవరాలు ఫోను చెవి దగ్గరే పెట్టుకుని కదలకుండా నిలబడి ఉంది. బేతంచెర్లలో, కొట్టు ముందు బెంచీ మీద, కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. ఆ కొవ్వొత్తి ముక్క పొద్దున ఏడున్నరకు అతికించింది ఆయనే.

నేను ముప్పై ఒక్క ఏళ్ళు హైస్కూల్లో భూగోళం చెప్పాను. పడమటి కనుమలను గోడకు వేలాడే పటంలో బెత్తంతో చూపించడమే తప్ప కళ్ళతో చూడలేదు. నా అరవై ఆరో ఏట మనవరాలు రెండు సిలిండర్ల టూరింగ్ బండి కొంటే వెనక ఎక్కి కూర్చున్నాను. పడితే తుంటి విరుగుతుందని కొందరు బంధువులన్నారు. ఈ వయసులో పంజాబీ డ్రస్సేమిటని ఇంకొందరన్నారు. విరిగితే విరిగేది నా తుంటి. వేసుకున్నది నా డ్రస్సు.

గనుల దారిలో రాయి తగిలి ఇంజను కింద పైపు చీలింది. అలా ఆయన కొట్టుకు వెళ్ళాల్సి వచ్చింది. ఇంజను నుంచి సైలెన్సరు దాకా వంపు తిరిగి వచ్చే ఆ గొట్టాన్ని కొట్టులో బెండు పైపు అంటారు, ఈ కాలం పిల్లలు హెడర్ అంటారు. కంపెనీది ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి బయట దొరికేది వేయిద్దామని మనవరాలు ఫోనులో ఒక లావుపాటి పైపు బొమ్మ చూపించిందట. ఆయన ఆ బొమ్మ వైపు చూడనేలేదట.

"నీ వెనక ఎవరు కూర్చుంటారు పాపా?"

"మా అవ్వ."

"పిల్చుకోని రా. ఆ మనిషిని చూడకుండా నేను పైపు చెప్పను."

నేను వెళ్ళాను. బండి మీద కూర్చోబెట్టి, నా మడమ నుంచి పైపు దాకా బెత్తెలు పెట్టి కొలిచి, కింద బండ మీద సుద్దతో గీశాడు. ఆ తర్వాతే మనవరాలితో మాట్లాడాడు. "ఆ పెద్ద నోరు పైపు ఖాళీ రోడ్డులో బాగా పాడతాది. ఇద్దరు మనుషులు, రెండు పెట్టెలు ఎత్తుకోని ఘాటు రోడ్డు ఎక్కేటప్పుడు మూగబోతాది. నీకు లాగేది కావల్ల, పాడేది కాదు." అది నాకు నచ్చింది. పాఠం అలాగే చెప్పాలి.

ఆయనలో నాకు నచ్చనిదీ ఉంది. రేపు ఇస్తానన్న బండి ఎల్లుండికి గానీ ఇచ్చేవాడు కాదు. నలుగురి ముందూ నిలబెట్టి అడిగాను, ఒకసారి కాదు. తల వంచుకుని వినేవాడు, మళ్ళీ అంతే చేసేవాడు. దాన్ని నేను మన్నించలేదు. మనిషి పోయాడని ఇప్పుడు మన్నించబోవడమూ లేదు.

అయితే పెద్ద తప్పు చేసింది నేనే. మామూలు ఇనుప పైపు బిగించాడు. కాలికి వేడి తగులుతుందని, దానికి వేడి ఆపే బట్ట పట్టీ చుట్టమని నేను పట్టుబట్టాను. తడిస్తే బట్ట నీళ్ళు పట్టి ఉంచుతుందని ఒకసారి గొణిగి, మళ్ళీ తనే, "ఈడ వానలు యాడుండాయిలే టీచరమ్మా" అని చుట్టేశాడు. మేమిద్దరం ఈ ఎండల్లో పుట్టి పెరిగినవాళ్ళం. తుప్పు అన్న మాటే మాకు గుర్తుకు రాదు. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమలను తాకి ఎక్కడ ఎంత కురుస్తాయో ఏటేటా పిల్లల చేత అప్పజెప్పించుకున్న నేను, సరిగ్గా ఆ నెలల్లోనే ఆ కనుమలకు పోతూ ఆ బట్ట చుట్టించుకున్నాను. పన్నెండు రోజులు తడిశాం. కనుమలు నేను చెప్పిన దానికంటే శానా పచ్చగా ఉన్నాయి.

మరుసటి ఎండాకాలానికి బట్ట విప్పితే పైపు పొరలు పొరలుగా ఊడి చేతిలోకి వచ్చింది. ఆయన దాన్ని పారేయలేదు. కొట్టు వాకిట్లో, తలుపు పక్కన తీగతో కట్టి వేలాడదీసి, పక్కన పలక పెట్టి సుద్దతో రాశాడు: "ఇది నా తప్పు. బట్ట చుట్టినాను." తప్పు నాది, నా పేరు రాయి అన్నాను. నేను ఎవరి తప్పునూ ఇంకొకరి ఖాతాలో ఉండనివ్వను.

"మీరు అడిగినారు, నేను చేసినాను," అన్నాడు. "స్పానరు ఎవరి చేతిలో ఉంటే తప్పు వాళ్ళది టీచరమ్మా."

నేను కూడా సుద్ద తీసుకుని దాని కింద "అడిగింది నేను" అని రాసి వచ్చాను. ఆయన చెరపలేదు.

రెండోసారి తుప్పు పట్టని స్టీలు పైపు, సన్నటిది, తనే వెతికి తెప్పించాడు. అతుకుల దగ్గర గాలి పోతోందేమో చూడటానికి అగరుబత్తి వెలిగించి పట్టుకునేవాడు. పొగ చెదిరితే గ్యాస్కెట్ మార్చేవాడు. వెనక కూర్చునేవాళ్ళ కాలికి ఎంత వేడి వస్తుందో చూడటానికి, చర్చిలో మిగిలిన కొవ్వొత్తి ముక్కలు తెచ్చి కడ్డీకి అతికించి సగం రోజు తిరిగి రమ్మనేవాడు. అగరుబత్తి గుడిది, కొవ్వొత్తి చర్చిది, మరి మసీదుది ఏదప్పా అని ఎవరో ఎగతాళి చేస్తే, "వెల్డింగు చేసేది భాయే కదప్పా" అని పని చూసుకున్నాడు. ఆ కొవ్వొత్తి పరీక్ష మీదే మేము ఆ రోజు నందికొట్కూరు దాటి పోయాం.

మర్నాడు పొద్దున ఆయనను చర్చి నుంచి సమాధుల తోటకు తీసుకుపోవాలి. కడప నుంచి, కర్నూలు నుంచి ఆయన చేత బండ్లు బాగు చేయించుకున్న పిల్లలు నలభై ముగ్గురు వచ్చారు. లెక్కపెట్టాను. శవపెట్టె ముందు వరుసగా బండ్లు నిలిపి, సైలెన్సర్ల లోపలి జల్లెడలు ఊడబీకి, తోట దాకా మోత మోగిస్తూ పోతామన్నారు. అది ఆయనకు గౌరవమట. పెద్దలు వద్దనలేదు. పెట్టె వెనక ఆయన భార్య ఇద్దరి భుజాలు పట్టుకుని నిలబడి ఉంది.

నేను వెళ్ళి మొదటి బండికి అడ్డంగా నిలబడ్డాను. దాని మీద ఉన్న కడప అబ్బాయి మర్యాదగానే, "ఆయన కోసమే చేస్తాండామమ్మా, పక్కకు రాండి" అన్నాడు.

"నీకు పైపు చెప్పేముందు ఆయన ఏమడిగినాడు?" అన్నాను.

వాడు "వెనక ఎవరు కూర్చుంటారని" అన్నాడు.

"ఈ పొద్దు నీ వెనక ఎవరుండారో తిరిగి చూడు."

వాడు తిరిగి చూశాడు. అన్ని పైపుల మూతులూ పెట్టె వైపు, ఆమె మొహం వైపు ఉన్నాయి. వాడు తాళంచెవి తిప్పి ఇంజను ఆపేశాడు. వెనకది ఆగింది. దాని వెనకదీ ఆగింది. ఆఖరి బండి ఆగాక గానీ, ఆడవాళ్ళు ఎప్పటి నుంచో పాడుతున్న కీర్తన వినపడలేదు.

ఆడమనిషి అంతిమయాత్రకు అడ్డం నిలబడవచ్చునా అని ఊళ్ళో ఇప్పటికీ అంటున్నారట. నిలబడ్డాను. అలాంటి మోత మళ్ళీ పెడితే మళ్ళీ నిలబడతాను. అనుకున్న ప్రకారం వచ్చే నెలలో మనవరాలూ నేనూ కనుమలకు పోతున్నాం. అదీ వానల్లోనే.

ఆ పొద్దు నలభై ముగ్గురూ బండ్లు దిగి, చేతులతో నెట్టుకుంటూ నడిచారు. మా బండిని మనవరాలు నెడుతుంటే నేను పక్కన నడిచాను. బండలకు పాలిషు పట్టే ఫ్యాక్టరీల రాతి పొడి తెల్లగా పేరుకున్న ఆ రోడ్డు మీద చక్రాల చారలు, వాటి పక్కనే చెప్పుల గుర్తులు పడుతూ వచ్చాయి. తోట గేటు దగ్గర అందరూ ఆగినప్పుడు వంగి చూశాను. కొవ్వొత్తి ముక్క ఆయన అతికించినట్టే ఉంది, బొటనవేలి గుర్తుతో సహా. పైపు మీద చెయ్యి పెట్టొద్దని ఆయన ఎన్నిసార్లు అరిచాడో. ఆ రోజు పెట్టాను. చల్లగా ఉంది.