నీలం సైకిలు కేసు

మునిసిపల్ ఎన్నికలు దగ్గరపడ్డ ఏడాది. జిల్లా కోర్టులో నేను ఏపీపీని, అంటే పోలీసులు పెట్టిన కేసుని ప్రభుత్వం తరఫున నడిపే లాయరుని. బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో సైకిలు దొంగతనాలు విపరీతంగా పెరిగిపోయి, తెలుగోళ్ళుండే రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్ జనం ఒకటే గోల.

ఒకరోజు అక్కడ పోటీ చేస్తున్న నాయకుడొకాయన నా గదికే వచ్చేసినాడు. "దీదీ, సైకిలుతో దొరికిన ఆ రమణగాడికైనా శిక్ష పడాల. జనానికి ఏదో ఒకటి చూపించాల కదా," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "ఓట్లు కావాల్సింది మీకు దాదా. కొన్ని దేశాల్లో నాలాంటోళ్ళని కూడా ఓట్లేసి ఎన్నుకుంటారట. నా అదృష్టం, ఇక్కడ ఆ బాధ లేదు," అని పంపించేసినాను.

రమణకి ఇరవై మూడేళ్ళు. తండ్రి రైల్వే వర్క్‌షాప్ మేస్త్రి, వీడి చిన్నప్పుడే పోయినాడు. రైల్వేలో ఉద్యోగం చేతిదాకా వచ్చి, ఈ కేసు వల్ల ఆగింది. శిక్ష పడిందా, ఉద్యోగం గోవిందా! ఫిర్యాదు ముసలి ఫిట్టర్ సింహాచలం గారిది. పనిముట్లకీ బళ్ళకీ చేసే విశ్వకర్మ పూజకి రంగేయించిన తన సైకిలు పోయిందనీ, మర్నాడు అది రమణ దగ్గర దొరికిందనీ. సైకిలు తనదేనని రమణ మొత్తుకున్నాడు గానీ, రుజువు లేదు.

విచారణ రోజు ఆ సైకిలుని ఎగ్జిబిట్‌గా, అంటే సాక్ష్యంగా, కోర్టులోకి తెచ్చినారు. "ఇది మీదేనా?" అని బెంగాలీలో అడిగినాను. ఆయన కంగారులో తెలుగులోకి దిగిపోయినాడు. "నాదేనమ్మా! ఈ నీలం నాకు తెల్దేటి?"

పూజకి సెటిల్‌మెంట్‌లో సగం సైకిళ్ళకి పెయింటర్ ఒకడే, రంగూ ఒకటే! నేనూ ఓ ఫిట్టర్ కూతుర్నే, నాకు తెలీదా? పాత మేస్త్రీలు సీటు కింద గొట్టం మీద తమ వర్క్‌షాప్ హాజరు టోకెన్ నంబరుని ఇనప అచ్చుతో కొట్టించుకునేవాళ్ళనీ తెలుసు. ఏటా రంగు మీద రంగు పడి అది కనబడదు.

"సార్, ఇక్కడ గీకించండి," అన్నాను జడ్జిగారితో. కేసు పెట్టిన దారోగా, అంటే ఎస్సై, నాకేసి కొరకొరా చూసినాడు. గెలవాల్సినదాన్ని నేనే కదా మరి!

కానిస్టేబుల్ గీకుతున్నాడు. నీలం పోయింది, పచ్చ పోయింది, ఎరుపు పోయింది. అంకెలు! సింహాచలం గారు కళ్ళజోడు సర్దుకుని వంగి చూసి, తల పట్టుకున్నాడు.

"ఓలమ్మో! ఇది మా అప్పన్న మేస్త్రి నంబరు. రమణ వాళ్ళ నాన్నది. ఈ అచ్చు నేనే కొట్టినాను తల్లీ!"

వర్క్‌షాప్ టోకెన్ల రిజిస్టరు తెప్పించి సరిచూసి, కేసు వెనక్కి తీసుకుంటామని దరఖాస్తు నేనే పెట్టినాను. కోర్టు ఒప్పుకుంది. వరండాలో ఆ పెద్దాయన రమణ చేతులు పట్టుకుని ఏడ్చేసినాడు.

అప్పటిదాకా శిక్ష పడితేనే గెలుపనుకునేదాన్ని. ఆ రోజు రమణని జైలుకి పంపించుంటే, అసలు దొంగ ఇంకో సైకిలు తాళం విరగ్గొడుతూ ఉండేవాడు. మేమేమో నేరాలు తగ్గించేసినామని కోర్టులో మిఠాయిలు పంచుకునేవాళ్ళం.