జుమ్మైజ్ కింద తియ్యనీళ్ళు

పోయినవి ముందు చెబుతాను. ఆరడుగుల చుట్టుకొలత ఉన్న చెట్టు ఒకటి. మిట్టమధ్యాహ్నం అది ముప్ఫై అడుగుల మేర పరిచే నీడ. ఆ నీడలో పట్టే నాలుగు మంచాలు. కొమ్మలకు కట్టిన రెండు బట్టల తీగలు. పిట్టగూళ్ళు అయిదు, అందులో ఒకటి ఖాళీది. ఏడాదిలో మూడు నాలుగుసార్లు వచ్చే కాపు. కొలతకు అందినవి ఇవి.

ఇదంతా బహ్రెయిన్‌లో, తొంభైల మధ్యలో. తుబ్లీలో ఒక వడ్రంగి వర్క్‌షాపులో చెక్క కొలిచే పని నాది. ఏడో తరగతితో చదువు ఆపేసి కోనసీమ నుంచి వెళ్ళినవాణ్ణి. దుంగ చుట్టుకొలత చూసి ఎంత చెక్క తేలుతుందో చెప్పడం అక్కడే సొంతంగా పట్టుకున్నాను. వర్క్‌షాపు వెనకే పనివాళ్ళం ఉండే క్యాంపు, రెంటికీ మధ్య ఆ చెట్టు. మా పెద్ద మేస్త్రి ఈజిప్టు ముసలాయన, అందరం ఉస్తాద్ అనేవాళ్ళం. అప్పటికి పద్నాలుగేళ్ళ ముందు ఆయనే ఒక కొమ్మ తెచ్చి అక్కడ గుచ్చాడట. దాన్ని జుమ్మైజ్ అనేవాడు. ఇంగ్లీషులో సికమోర్ అంటారని తరవాత తెలిసింది.

మా కంటికి మాత్రం అది మేడిచెట్టే. మానుని అంటుకుని అవే గుత్తులు, గిల్లితే అవే పాలు. కాకపోతే ఇది పైకి పోవడం కంటే పక్కలకే చాచుకునేది. ఇంకో తేడా, కాయకు గాటు పెట్టాలి. ఉస్తాద్ నిచ్చెన వేసుకుని ఒక్కో పచ్చికాయకు చాకుతో సన్నగా గాటు పెట్టేవాడు. నాలుగో రోజుకి అది ఉబ్బి, మెత్తబడి, తియ్యనయ్యేది. గాటు పడనిది గట్టిగానే ఉండి రాలేది. రాలిన వాటి మీద ఈగలు. పాలు చొక్కాకి అంటితే మరక పోదు. చెక్క బెండులా తేలిక, పెట్టెలకు సరిపోతుంది, తలుపులకు పనికిరాదు. ఇన్ని గమనించిన మేము, ఆ ఎండలో దానికి నీళ్ళెక్కడివి అన్నది మాత్రం ఆలోచించలేదు.

క్యాంపు కుళాయిలో ఉప్పునీళ్ళు. మంచినీటి పైపు ఆఫీసు వరకే. తాగడానికి డబ్బాలు కొనుక్కునేవాళ్ళం. ఆ వేసవిలో, మాతో ఉండే శ్రీకాకుళం తాపీమేస్త్రికి చెట్టు మీద చూపు పడింది.

"బావా, ఆకు సూడు ఎంత పచ్చగుందో. మేడి ఉన్నకాడ తియ్యనీరుండాల. మా తాత ఇలాగే ఏడు నూతులు తవ్వినాడు."

"ఎన్నిట్లో నీళ్ళు పడ్డాయి?" అన్నాను.

"లెక్కలోడివి, నీకెప్పుడూ ఎన్ని అన్న యావే. ముందు గునపమట్టుకో."

నేనూ పట్టుకున్నాను. అంతకుముందే నుయ్యి ఎంత వెడల్పుండాలో, ఎంత మట్టి వస్తుందో లెక్కగట్టాను కూడా. శుక్రవారం ఉస్తాద్ నమాజుకు వెళ్ళగానే మొదలుపెట్టాం. నాలుగడుగుల లోతులో నీళ్ళు ఎగజిమ్మాయి. తియ్యటి నీళ్ళు! తాగాం, నెత్తిన పోసుకున్నాం. తాపీమేస్త్రిని భుజాల మీదికి ఎత్తారు.

ఉస్తాద్ రాగానే గ్లాసు చేతికిచ్చాం. ఆయనతో మా మాటలు సగం హిందీ, సగం అరబ్బీ. ఒక గుక్క తాగి ఆగాడు. "బ్లీచింగు మందు వాసన" అన్నాడు.

"భూమిలో నీళ్ళకి మందెవడు కలుపుతాడు ఉస్తాద్!" అని నవ్వాడు తాపీమేస్త్రి. ఆయన నవ్వలేదు. గోతిలోకి దిగి, బురద తోడి, పగిలిన పైపు చూపించాడు.

గునపం దెబ్బ నిజమే. కాని అంతకంటే ముందే అతుకు విచ్చింది. అందులోంచి చెట్టు వేళ్ళు జుట్టులా దూరి లోపలంతా అల్లుకున్నాయి. అన్నేళ్ళూ అది తాగింది ఆఫీసు నీళ్ళే.

మర్నాడు మాకు వీసాలిచ్చిన యజమాని, కఫీల్, వచ్చాడు. అరవలేదు. చెట్టు తీసేయమన్నాడు. ఉస్తాద్ బతిమాలాడు. పైపును చుట్టూ తిప్పితే అదనంగా అరవై అడుగులు చాలని నేను లెక్క చెప్పాను. "అయితే వేరు కూడా అరవై అడుగులు నడుస్తుంది" అన్నాడు కఫీల్.

ఉస్తాద్ నాలుగు రోజుల గడువడిగాడు. కఫీల్ ఇచ్చాడు. ఆ సాయంత్రమే నిచ్చెన వేసి, చెయ్యి అందిన ప్రతి కాయకూ గాటు పెట్టాడు. అయిదో నాడు పళ్ళన్నీ కోసి మాకు పంచి, తరవాత రంపం తనే పట్టాడు.

తాపీమేస్త్రి ఆ పండు నోట పెట్టలేకపోయాడు. "ఒకటి పోగొట్టినాం, మూడు నాటతాం ఉస్తాద్" అన్నాడు. ముసలాయన బొటనవేలంత లావు కొమ్మలు మూడు ఏరి, మూరెడేసి కోసి, నా చేతిలో పెట్టాడు. "బతికితేనే లెక్క. లెక్క నువ్వు చూడు."

రెండు క్యాంపు గోడవారనే, పైపుకి దూరంగా గుచ్చాం. చిగురు వేశాయి, ఉప్పునీళ్ళకు ఆకుల అంచులు మాడాయి, చలికాలం రాకముందే ఎండిపోయాయి. మూడోది అద్లియా అనే పేటలో, మనవాడొకడు వంట చేసే హోటల్ పెరట్లో నాటాం. రోజూ బియ్యం కడిగిన నీళ్ళు పోసేవాడు. అది నిలబడింది. ఉస్తాద్ పని మానుకుని సొంత దేశం వెళ్ళేముందు తీసుకెళ్ళి చూపించాం. అప్పటికి నా మోకాలెత్తు. ఆకును వేళ్ళ మధ్య నిమిరి చూశాడు. "ఒకటి" అన్నాడు, నా వైపు తిరిగి.

మళ్ళీ కొమ్మలు కోయడానికి అది ఎదిగేలోపే హోటల్ చేతులు మారింది, పెరటి గేటుకు తాళం పడింది. తాపీమేస్త్రి ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ తరవాత నేనూ వచ్చేశాను. నాకు తెలిసినంతలో, ఆ మూడు చెట్ల బాకీలో ఇవాళ్టికీ తీరనివి రెండు.