అంగడి నుంచి అంగడికి

మొన్న మా కోడలు ఫ్రిజ్ తలుపుకు ఒక కాగితం అంటించింది. సోమవారం మొదలు ఆదివారం దాకా గడులు గీసి, ఏ రోజు ఎవరు ఏ పని చేయాలో రాసిపెట్టింది. నా వంతుకు గురువారం ఆకుకూరలు తెంపే పని పడింది. "బాగుందా అత్తమ్మా?" అని సంబరంగా అడిగితే బాగుందన్నాను. వారాలు చూసి పని పంచుకునే ముచ్చట వింటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుందని ఆ పిల్లకేం తెలుసు!

మాది మెట్‌పల్లిలో నేత ఇల్లు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల మాట ఇది. మా ఇంట్లో వారం సోమవారంతో కాదు, అంగడితో, అంటే వారపు సంతతో మొదలయ్యేది. బాపు, అన్న నేసే చీరలు అంగడి రోజుకల్లా మగ్గం దిగాలి. దారం కండెలకు చుట్టి వాళ్లకు అందించడం ఆడవాళ్ల పని. మగ్గం గుంటలోంచి "కండె!" అని కేక వినబడితే చేతికి పిండి ఉన్నా పేడ ఉన్నా రాట్నం దగ్గరికి ఉరకాల్సిందే. అలుకుడు సగంలో ఆగేది. నానబెట్టిన బట్టలు ఎవరికీ గుర్తుండక వాసన కొట్టేవి. అవ్వ, అంటే మా అమ్మ, పొద్దంతా సణుగుతూ గులుగుతూనే ఉండేది. నాకు అయిదో తరగతి అయిపోయింది. పై తరగతులు ఊరి ఆ చివర పెద్దబడిలో; పొద్దున పోతే సాయంత్రం గాని ఇల్లు చేరడం కుదరదు. "బడికి పోతనే అవ్వా" అని నేనంటే, "మరి కండెలు నీ అత్త చుడుతదా?" అనేది. అప్పటికి నాకు అత్తే లేదు.

అట్లాంటి ఇంటికి బోథ్ నుంచి వదిన వచ్చింది. అక్కడ మరాఠీ ఎక్కువ, అమ్మను 'ఆయీ' అని పిలిచే అలవాటు. మా అవ్వను కూడా అట్లాగే పిలిచి నాలుక కరుచుకునేది. నేను ఆమె కొంగు పట్టుకొని తిరిగేదాన్ని, ఆమె తల దువ్వితేనే నాకు జడ కుదిరేది. వచ్చిన నెలలోపే మా ఇంటి రోగం కనిపెట్టింది. "మరదలా, అంగడినాడు మగ్గాలు ఖాళీ గదా. గా దినం కండెల లొల్లి ఉండది. బట్టలు, అలుకుడు గా దినమే చేసుకోవాలె. తెల్లారి పడుగు దారాలకు గంజి పెడతరు, అది ఆరి మగ్గం ఎక్కేదాక మనం కండెలు చుట్టుకుంట కూసోవచ్చు" అన్నది. ఇంత చిన్న సంగతి మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు! పిండి విసురుడుకు ఒక దినం, పొయ్యిలు పూయడానికి ఒక దినం, అట్లా అంగడి నుంచి అంగడి దాకా అన్నీ కుదిర్చింది. "గిట్ల నడిస్తె నువ్వు బడికి పోవచ్చు. అత్తకు నేను చెప్త, ఫికర్ చెయ్యకు" అని నా చేతిలో చెయ్యి వేసింది.

ఆ ఎండాకాలమంతా నేను ఒళ్లు దాచుకోలేదు. తడిగుడ్డ కప్పిన గంపలో కండెలు ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి. మగ్గం మీది కేకలు ఆగిపోయాయి. బాపు ఒకరోజు గుంటలోంచి తల ఎత్తి, "ఇంట్ల లొల్లే వినవడ్తలేదు, అందరున్నరా లేరా?" అన్నాడు. చివరికి అవ్వ కూడా మెత్తబడింది. నేను లేనప్పుడు వదిన ఒక్కతే సంబాళించుకుంటానంటే పంపుతానన్నది. ఇంకేం, బడి నాదే అనుకున్నాను.

బళ్లు తెరిచే ముందర పెద్దబడి పంతులమ్మ నా పేరు రాసుకోవడానికి మా ఇంటికి వచ్చింది. మంచం మీద కూర్చోబెట్టి చాయ్ ఇచ్చాం. అవ్వ తలుపు దగ్గర నిలబడ్డ వదినను అడిగింది: "ఏం పిల్లా, పొల్ల బడికి పోతె నువ్వొక్కదానివి ఎల్లదీస్తవా?" వదిన నా మొహం చూసింది. తర్వాత గడప వైపు చూసింది. "నాతోని గాదత్తా. మరదలు లేకపోతె గీ పని నడువది" అన్నది.

పరాచికమాడుతున్నదేమో, ఇప్పుడు నవ్వుతుందేమో అని చూశాను. నవ్వలేదు. పంతులమ్మ చాయ్ తాగి, "వచ్చే ఏడు చూద్దాం లేమ్మా" అని వెళ్లిపోయింది. ఎంత మోసం! అవ్వ వద్దంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. నన్ను బడికి పంపడానికని పెట్టిన పద్ధతే నన్ను ఇంట్లో కట్టిపడేసింది. అంగడి వచ్చిందంటే అలుకుడు, తెల్లారితే కండెలు. ఆ రాత్రి ఎందుకట్లా అన్నావని అడిగితే వదిన, "జర ఆగు" అని అటు తిరిగి పడుకుంది. మరుసటి ఏడు ఆమె చంకలో బిడ్డ ఉన్నాడు, బడి మాట నేను అడగనే లేదు. నా పెళ్లయ్యేదాకా ఆ వారమే నడిచింది, ఒక్క రోజు కూడా తప్పలేదు.

చాలా ఏళ్లకు వదిన ఆసిఫాబాద్‌లో కొడుకు దగ్గర మంచాన పడిందంటే చూడబోయాను. నేను అడగకుండానే తనే ఆనాటి మాట ఎత్తుకుంది. "నువ్వు బడికి పోతె గా ఇంట్ల నాతోని మాట్లాడేటోళ్లు ఎవలున్నరే? మీ అన్న గుంటల, అత్తది గులుగుడు. నువ్వొక్కదానివే ఉంటివి. పంతులమ్మను చూడంగనే గుబులైంది" అన్నది. కళ్లు తుడుచుకుంది. దుప్పటి సరిచేసి, చాయ్ చల్లార్చి తాగించాను. పరాయి ఇంట్లో ఒంటరిగా ఉండడమంటే ఏమిటో నాకు మాత్రం తెలియదా! ఆమె బాధ అర్థమైంది. అయినా కోపం పోలేదు, ఇప్పటికీ పోలేదు. ఇన్నేళ్లూ తిప్పి తిప్పి కాలం ఆ మాట తెచ్చి నా చేతిలో పెట్టింది గాని, పంతులమ్మ ముందు జడ వేసుకొని నిలబడ్డ ఆనాటి నాకు కావలసింది మాట కాదు, బడి.